క్రూజ్‌లో హాలోవీన్ చేసుకునేవాళ్ళకి ఒక చిన్న చిట్కా
అక్టోబర్ 31 షిప్‌లో ఉండగా వస్తే క్యాబిన్ తలుపుకి గబ్బిలాలు, గుమ్మడికాయ బొమ్మలు అంటించాలనిపిస్తుంది కదా, టేప్‌తో పెడితే ఒక్కోసారి పెయింట్ ఊడొస్తుంది, లేదంటే తెల్లారేసరికి సగం బొమ్మలు కార్పెట్ మీదుంటాయి.

చాలా షిప్పుల్లో క్యాబిన్ తలుపులు, గోడలు స్టీలువే, మాగ్నెట్ చక్కగా పట్టుకుంటుంది. ఇంట్లోనే నల్ల చార్ట్‌తో బొమ్మలు కత్తిరించుకుని, రోల్‌లా దొరికే జిగురు మాగ్నెట్ టేప్ అంగుళం ముక్కలు వెనక రెండేసి అంటించి, ఏదైనా పుస్తకం మధ్యలో పెట్టి సూట్‌కేస్‌లో పడేయండి, 10 బొమ్మలకి 20 అంగుళాలు చాలు. గబ్బిలానికైతే రెక్కల చివర్లకి చెరొకటి పెట్టండి, నేను మొదట మధ్యలో ఒక్కటే పెడితే రెక్కలు వేలాడి చచ్చిన కాకిలా అయ్యింది. దిగే రోజు తీయడానికి రెండు నిమిషాలు.

అన్ని తలుపులకీ మాగ్నెట్ పట్టదు, ఎక్కగానే ఒక ముక్క పెట్టి చూసుకోండి, పట్టకపోతే లోపలి గోడ మీద ట్రై చేయండి. కొన్ని కంపెనీలు తలుపు మీద డెకరేషనే ఒప్పుకోవు, బుకింగ్ అప్పుడే అడిగేయండి. కొవ్వొత్తులు మాత్రం వద్దు, ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు, బ్యాటరీవి కావాలన్నా ముందే కనుక్కోండి.