ఈత కొలను నిర్వహణ, 5వ పాఠం: ముల్లు పైకి వెళ్లిందా, కిందికి దిగిందా?

ఈ పాఠంలో ఫిల్టర్ ట్యాంకు తెరిచి ఇసుకను పరీక్షించడం నేర్చుకోవలసి ఉంది. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. నాలుగో పాఠం తర్వాత చాలామంది ఫిల్టర్ మీది పీడనం చూపే గేజ్ ముల్లు చూసి రోజూ బ్యాక్‌వాష్ (ఇసుక గుండా నీటిని వెనక్కి పంపి మురికిని కడిగి బయటకు వదలడం) చేస్తున్నారని మీ ప్రశ్నలను బట్టి తెలిసింది. ముందు దాన్ని ఆపాలి.

"ముల్లు పది దాటగానే బ్యాక్‌వాష్ చేస్తున్నాం, అయినా నీళ్లు మసకగానే ఉన్నాయి" అని ఎక్కువమంది అడిగారు. నాలుగో పాఠంలో చెప్పిన మాట వేరు. బ్యాక్‌వాష్, రిన్స్ (ఆ తర్వాత మిగిలిన మురికి నీటిని బయటకు పంపడం) అయ్యాక ఇసుక శుభ్రంగా ఉన్నప్పుడు గేజ్ ఎంత చూపిస్తుందో అది మీ మూల అంకె. దానిపైన 8 నుంచి 10 పీఎస్ఐ (పీడనం కొలిచే ప్రమాణం) పెరిగినప్పుడే బ్యాక్‌వాష్ చేయాలి. మూల అంకె 12 అయితే 20, 22 దగ్గర చేయాలి. పక్క అపార్ట్‌మెంట్లో మూల అంకె 8 ఉండవచ్చు, ఇంకోచోట 16 ఉండవచ్చు. పైపు లావు, పంపు శక్తి, వంపుల సంఖ్యను బట్టి అది మారుతుంది. గేజ్‌లో కిలోల (చదరపు సెంటీమీటరుకు) వరుస చదివేవారికి ఒక కిలో అంటే సుమారు 14 పీఎస్ఐ. కాబట్టి మూల అంకెపైన పెరుగుదల అర కిలో దాటి ముప్పావు కిలోకు చేరే లోపు బ్యాక్‌వాష్ వేళ అవుతుంది.

రోజూ బ్యాక్‌వాష్ చేస్తే నీళ్లు మసకబారడానికి కారణం ఉంది. ఇసుకలో కొంత మురికి చేరాకే రేణువుల మధ్య సందులు ఇరుకై సన్నటి దుమ్మును కూడా పట్టుకుంటాయి. ఆ పొరను రోజూ కడిగేస్తే సన్నటి దుమ్ము ఇసుక గుండా దాటి మళ్లీ కొలనులోకే వస్తుంది. ఖర్చు సంగతీ చూడండి. 24 అంగుళాల ఫిల్టర్‌ను మూడు నిమిషాలు బ్యాక్‌వాష్ చేస్తే సుమారు 500 లీటర్లు డ్రైనేజీలోకి పోతాయి. నెలంతా చేస్తే అది 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు. వాటితోపాటు మీరు వేసిన క్లోరిన్ కూడా పోతుంది. వేసవిలో హైదరాబాద్ శివార్లలో ట్యాంకర్ కోసం ఎదురుచూసేవారికి ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు.

మల్టీపోర్ట్ వాల్వు (పిడి తిప్పి నీటి దారి మార్చే వాల్వు) స్థానాల గురించి మళ్లీ చెప్పను. పంపు ఆపకుండా పిడి తిప్పకూడదన్న ఒక్క నియమం మాత్రం మరచిపోవద్దు. తిప్పితే లోపలి రబ్బరు గ్యాస్కెట్ చిరుగుతుంది.

ఇక అసలు విషయం. మల్టీపోర్ట్ వాల్వు మీద ఉండే గేజ్ ఇసుకకు ముందున్న పీడనాన్ని చూపిస్తుంది. నీరు కొలను నుంచి స్కిమ్మర్ (పైన తేలే చెత్తను పీల్చే, గోడలోని నోరు), పంపు బుట్ట, పంపు దాటి గేజ్ దగ్గరికి వస్తుంది. తర్వాత ఇసుక, రిటర్న్ పైపు, నాజిళ్లు దాటి కొలనులోకి వెళుతుంది. అడ్డం గేజ్ తర్వాత ఉంటే ముల్లు పైకి పోతుంది, గేజ్‌కు ముందు ఉంటే కిందికి దిగుతుంది. తోటలో నీళ్లు పెట్టేటప్పుడు పైపు మూతిని వేలితో మూస్తే పైపు బిగుసుకుంటుంది, కుళాయి సగం కట్టేస్తే మెత్తబడుతుంది. ఇక్కడా అంతే.

ముల్లు పెరిగినప్పుడు తప్పు ఇసుకదా, రిటర్న్ దారిదా అని తేల్చడానికి నేను ముందు రీసర్క్యులేట్ పెట్టి చూస్తాను. ఆ స్థానంలో నీరు ఇసుకను తాకకుండా నేరుగా కొలనుకు వెళుతుంది. ఫిల్టర్ స్థానంలో 24 ఉండి రీసర్క్యులేట్‌లో 11కు పడితే అడ్డం ఇసుకలో ఉంది. 24 కాస్తా 22కు మాత్రమే తగ్గితే ఇసుకను వదిలేసి రిటర్న్ వాల్వు చూడండి. ఎవరో సగం మూసి ఉంటారు. లేదా నాజిళ్లు బిగించి ఉంటారు. ఇసుక శుభ్రంగా ఉన్నప్పుడు కూడా రీసర్క్యులేట్ అంకె కొంత తక్కువే ఉంటుంది కాబట్టి, ఆ రోజే రెండు అంకెలూ రాసి పెట్టుకోండి.

బ్యాక్‌వాష్ చేసిన గంటలోనే ముల్లు మళ్లీ ఎగబాకితే మురికి ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. నాచు చచ్చినప్పుడు ఇలా అవుతుంది. పటిక వేసి, అడుగుకు దిగిన మడ్డిని ఫిల్టర్ గుండా వ్యాక్యూమ్ చేసినా ఇలాగే అవుతుంది. వాల్వును వేస్ట్ స్థానంలో పెట్టి ఆ మడ్డిని ఇసుకను తాకకుండా బయటకు పంపాలి. మడ్డి లేకపోయినా ముల్లు మూల అంకెకు దిగకపోతే, బోరు నీళ్ల సున్నంతో ఇసుక గడ్డకట్టి ఉండవచ్చు. అది వచ్చే పాఠం.

ఇప్పుడు నాకు విసుగు తెప్పించే సంగతి: ముల్లు తక్కువగా ఉంటే ఫిల్టర్ భేషుగ్గా ఉందని సంతోషించడం. మూల అంకె 14 ఉన్న ఫిల్టర్ 6 చూపిస్తోందంటే ఇసుక శుభ్రంగా ఉందని అర్థం కాదు, ఇసుక దగ్గరికి నీళ్లే సరిగా రావడం లేదని అర్థం. నీళ్లు తిరగకపోతే క్లోరిన్ అన్ని మూలలకూ చేరదు. పిల్లలు దిగే లోతులేని వైపు నీళ్లు ముందుగా పాడవుతాయి. ముల్లు పెరిగితే అందరూ కంగారుపడతారు, తగ్గితే ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం తగ్గడమే ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది.

తగ్గినప్పుడు స్కిమ్మర్ బుట్ట, పంపు బుట్ట చూడండి. నీటిమట్టం స్కిమ్మర్ నోటికి సగం వరకు ఉందో లేదో చూడండి. పొర్లే అంచు ఉన్న కొలను అయితే పొర్లిన నీరు చేరే బ్యాలెన్సింగ్ ట్యాంకులో నీరు ఎంత ఉందో చూడాలి. ముల్లు వణుకుతూ, పంపు మూతలో బుడగలు కనిపిస్తూ ఉంటే గాలి లోపలికి వస్తోంది. పంపు నడుస్తుండగా, మోటారు మీద పడకుండా, పీల్చే వైపు కీళ్ల మీద ఒక్కొక్కదానిపై మగ్గుతో నీళ్లు పోయండి. ఎక్కడ పోసినప్పుడు బుడగలు ఆగుతాయో అదే కంత. ఎక్కువసార్లు అది పంపు మూత కింది ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు వలయం) అవుతుంది. దానికి సిలికాన్ గ్రీజే రాయండి. పెట్రోలియం జెల్లీ రబ్బరును ఉబ్బిస్తుంది. బుట్టలు ఖాళీగా, గాలి లేకుండా ఉండీ ముల్లు లేవకపోతే పంపులో నీటిని తోసే ఇంపెల్లర్ చక్రంలో ఆకు ముక్కలో జుట్టో ఇరుక్కుని ఉంటాయి. కరెంటు తీసేశాకే అక్కడ చేయి పెట్టాలి.

అన్నీ సరిగా ఉండీ ముల్లు ఒక్కరోజులో పడిపోయిందా? ముందు రోజు ఎలక్ట్రీషియన్ ప్యానెల్ బోర్డు ముట్టుకున్నాడేమో అడగండి. త్రీఫేజ్ మోటారుకు రెండు ఫేజులు తారుమారైతే పంపు వెనక్కి తిరుగుతుంది. చప్పుడు మామూలుగానే ఉండవచ్చు. నీరు కూడా కొంత వస్తుంది, కానీ ప్రెషర్ ఉండదు. మోటారు ఆపిన క్షణంలో వెనక ఫ్యాను నెమ్మదించేటప్పుడు చూసి, అది పంపు మీది బాణం గుర్తు వైపు తిరుగుతోందో లేదో పోల్చండి. తీగలు మార్చే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌దే.

ఇవన్నీ చేసే ముందు గేజ్‌ను నమ్మవచ్చో లేదో చూసుకోవాలి. ఫిల్టర్ కొలను నీటిమట్టం కన్నా కిందికి లేకపోతే, పంపు ఆపినప్పుడు ముల్లు సున్నాకు రావాలి. రాకపోతే పారేసి కొత్తది పెట్టండి. నేను గ్లిజరిన్ నింపిన గేజే వాడతాను, ముల్లు అంతగా వణకదు. మూల అంకె దగ్గర అద్దం మీద గోళ్ల రంగుతో ఒక గీత పెడతాను. షిఫ్టు మారినా ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇసుకకు ముందూ వెనకా రెండు గేజ్‌లు ఉన్న పెద్ద ఫిల్టర్లలో రెండింటి తేడానే చూడండి.

అభ్యాసం ఈసారి గట్టిదే. వారం పాటు రోజూ ఒకే వేళకు ఫిల్టర్ అంకె, రీసర్క్యులేట్ అంకె రాయండి. ఎనిమిదో రోజు కొలనులో ఎవరూ లేనప్పుడు, వాల్వులు తెలిసిన ఒకరి సాయం తీసుకోండి. మీరు పంపు గది బయట నిలబడితే వారు లోపల ఒక మార్పు చేయాలి. సక్షన్ వాల్వు కొద్దిగా మూయవచ్చు, రిటర్న్ వాల్వు కొద్దిగా మూయవచ్చు, ఏదీ చేయకుండా ఊరుకోనూవచ్చు. ఏ వాల్వునూ సగానికి మించి మూయకూడదు. ముల్లు 30 దాటనివ్వకూడదు. ట్యాంకు మీది చీటీలో అంతకన్నా తక్కువ పరిమితి ఉంటే దాన్నే పాటించండి. మీరు లోపలికి వచ్చి గేజ్, పంపు మూత, సైట్ గ్లాస్ (నీరు కనిపించే చిన్న గాజు కిటికీ) మాత్రమే చూసి ఏ వైపు మూశారో చెప్పాలి. వరుసగా ఐదుసార్లు సరిగా చెప్పేదాకా ఆరో పాఠానికి రావద్దు.

ఆరో పాఠంలో ట్యాంకు తెరుస్తాం. మీ వాల్వుకు సరిపోయే కొత్త ఓ-రింగ్ ఒకటి ముందే తెచ్చిపెట్టుకోండి. పాతది తీశాక మళ్లీ సరిగా కూర్చోవడం అరుదు.