తక్కువ ధర ఫోను: ఎక్కడ సర్దుకోవచ్చు, ఎక్కడ సర్దుకోకూడదు

తక్కువ ధరకు ఫోను అమ్మాలంటే తయారీదారు ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు. ఆ కోత ఎక్కడ పడిందో మాత్రం పెట్టె మీద రాయరు. అందుకే కొనబోయేవారు ముందుగా లోపాలను రెండు రకాలుగా విడదీసి చూసుకోవాలి. మొదటి రోజే కంటికి కనబడి, ఎన్నాళ్లు వాడినా అంతే ఉండిపోయేవి ఒక రకం. కొన్న రోజున జాడైనా తెలియక, ఏడాది తిరిగేసరికి పెరుగుతూ పోయేవి రెండో రకం. మొదటి రకానికి మనం అలవాటు పడతాం, రెండో రకానికి పడలేం. నేను ఎవరికి సలహా చెప్పినా ఈ తేడా దగ్గరే మొదలుపెడతాను.

రెండో రకంలో అన్నిటికన్నా ముందు చూడవలసినది స్టోరేజ్. 128 జీబీ అన్న అంకెను అందరూ చూస్తారు గానీ, అది ఏ రకం మెమరీ అన్నది అడిగేవారు తక్కువ. చవక ఫోన్లలో ఈఎంఎంసీ అనే పాత రకమూ, యూఎఫ్ఎస్ అనే కొత్త రకమూ రెండూ వస్తున్నాయి. ఈఎంఎంసీ 5.1 గరిష్ఠ వేగం సెకనుకు 400 మెగాబైట్లు కాగా, యూఎఫ్ఎస్ 2.2 వేగం దానికి దాదాపు మూడు రెట్లు. అంతకన్నా ముఖ్యంగా, ఈఎంఎంసీ ఒక సమయంలో చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు, యూఎఫ్ఎస్ రెండు పనులనూ ఒకేసారి చేయగలదు. ఈ మాటకు అసలు అర్థం మా అమ్మకు కొన్న ఫోనులో నాకు తెలిసివచ్చింది. మొదటి ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఫోటోలు, వీడియోలు నిండిన తరువాత, వెనకాల యాప్‌లు అప్‌డేట్ అవుతున్న వేళ ఎవరైనా ఫోను చేస్తే, రింగు మోగుతూనే ఉండేది గానీ, చేసింది ఎవరో, ఎక్కడ నొక్కాలో తెర మీద కనబడడానికి మూడు నాలుగు సెకన్లు పట్టేది. ఆమె నల్లటి తెరను వేలితో జరుపుతూ ఉండగానే అవతలివారు పెట్టేసేవారు. ఆ లోపాన్ని ఏ సెట్టింగూ సరిచేయలేకపోయింది.

యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ, అంటే ర్యామ్ విషయంలో అంకెలు మరింత మభ్యపెడతాయి. ‘8 ప్లస్ 8 జీబీ’ అని రాసినప్పుడు రెండో ఎనిమిది ర్యామ్ కాదు, స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చుకున్న చోటు. అది అసలు ర్యామ్ కన్నా చాలా నెమ్మది, పైగా ఈఎంఎంసీ ఉన్న ఫోనులో ఉన్న భారానికి మరో భారం. మొదటి అంకెను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. మూడు నాలుగేళ్లు వాడదలచినవారు 4 జీబీతో సరిపెట్టుకోకుండా 6 జీబీ అయినా ఉండేలా చూసుకోవడం మంచిది.

అప్‌డేట్ల సంగతి అడిగేటప్పుడు రెండు ప్రశ్నలు వేయాలి: ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు ఎన్ని ఇస్తారు, భద్రతా లోపాలను సరిదిద్దే సెక్యూరిటీ ప్యాచ్‌లు ఎన్నేళ్లు ఇస్తారు. ఈ గడువు సాధారణంగా మనం కొన్న రోజు నుంచి కాక, ఆ మోడల్ విడుదలైన నాటి నుంచి నడుస్తుంది. కాబట్టి రెండేళ్ల కిందటి మోడల్ తగ్గింపు ధరకు దొరికిందని సంతోషించేముందు, గడువులో రెండేళ్లు అప్పటికే కరిగిపోయాయని గుర్తుంచుకోవాలి. చవక ఫోనుకు ఎక్కువ కాలం అప్‌డేట్లు ఇవ్వడం సాధ్యం కాదన్న మాట ఇప్పుడు చెల్లదు. 2024లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఏ16కు ఆరేళ్ల హామీ ఇచ్చారు. బ్యాంకు లావాదేవీలన్నీ ఫోనులోనే చేసేవారికి కెమెరా కన్నా ఈ హామీయే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక తెర. 6.7 అంగుళాల తెర మీద 720 × 1600 పిక్సెళ్లు ఉంటే అంగుళానికి సుమారు 260 పిక్సెళ్లు పడతాయి, 1080 × 2400 ఉంటే 390 దాటతాయి. వీడియో చూసేటప్పుడు ఈ తేడా అంతగా తెలియకపోవచ్చు గానీ, తెలుగు చదివేటప్పుడు తెలుస్తుంది. అక్షరాల సైజు తగ్గించి ‘లక్ష్మి’ అన్న మాటను చూడండి: క కింద ష వత్తు, దాని పక్కన మ వత్తు విడివిడిగా కనబడుతున్నాయా, లేక ఒకే మచ్చలా కలిసిపోయాయా అన్నది ఏ ప్రకటనా చెప్పని సమాధానం. తెర మీది బొమ్మ సెకనుకు 120 సార్లు మారగలదని చెప్పే 120 హెర్ట్జ్ అన్న మాటకు మాత్రం పెద్దగా విలువ ఇవ్వనక్కరలేదు, ఎందుకంటే ప్రాసెసర్ బలహీనంగా ఉంటే ఆ వేగాన్ని అది అందుకోలేదు.

కెమెరాలో 50 మెగాపిక్సెల్ అన్నది చాలావరకు నాలుగేసి పిక్సెళ్లను కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫోటోగా ఇచ్చే సెన్సరే. అది మోసం కాదు, వెలుతురు తక్కువైన చోట అలా కలపడమే మేలు. పక్కన చేర్చే 2 మెగాపిక్సెల్ మాక్రో (అతి దగ్గరి ఫోటోలకు), డెప్త్ (దూరాన్ని అంచనా వేసేందుకు) కెమెరాలు మాత్రం పేరు గొప్ప ఊరు దిబ్బ. పగటి ఫోటో ఏ ఫోనులోనైనా బాగానే వస్తుంది కనుక, బల్ల కింది చీకటిని ఒక ఫోటో తీసి, పది అడుగులు నడుస్తూ ఒక వీడియో తీసి చూస్తే అసలు శక్తి తెలిసిపోతుంది.

బ్యాటరీ ఈ ఫోన్లకు నిజమైన బలం. 5000 ఎంఏహెచ్ సర్వసాధారణమైపోయింది, పైగా తక్కువ పిక్సెళ్ల తెర విద్యుత్తును తక్కువగా వాడుకుంటుంది. ఛార్జింగ్ నెమ్మదిగా ఉన్నా రాత్రి పెట్టి పొద్దున తీసే అలవాటు ఉన్నవారికి లోటేమీ కాదు. ప్లాస్టిక్ వెనుక భాగం, ఒకే స్పీకరు కూడా ఇలాగే సర్దుకోదగినవి, ప్లాస్టిక్ అయితే గాజులా పగలదు కూడా. అయితే కంపాస్ సెన్సర్ లేకపోతే మ్యాప్‌లో మనం నిలబడి ఎటు తిరిగి ఉన్నామో తెలియదు, వీడియోలు కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ రక్షణలో ఎల్1 స్థాయి లేకపోతే చాలా ఓటీటీల్లో హెచ్‌డీ రాదు. ఇవి అవసరమైనవారు ముందే విచారించాలి.

కొన్న తరువాత, తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే ఒక పరీక్ష చేయండి. మీరు వాడే యాప్‌లన్నిటినీ ఒకేసారి ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టి, అవి ఇంకా ఎక్కుతుండగానే మరో ఫోను నుంచి దానికి కాల్ చేయించి, రింగు మొదలైన ఎన్ని సెకన్లకు పేరు తెర మీదికి వస్తుందో లెక్కపెట్టండి.