ఉరుముల కాలంలో కొండమీది బురుజు ఎక్కే ముందు

వాన వెలిసిన పొద్దున కొండకొమ్మున ఉన్న పాత కావలి బురుజు ఎక్కి చూస్తే, గాల్లో దుమ్మంతా కడిగేసినట్టు పోయి, ఎంత దూరంలో ఉన్న ఏరైనా తేటగా కనిపిస్తుంది. అందుకే వానలు మొదలవగానే చాలామంది వ్యూపాయింట్ల దారి పడతారు. వెళ్లొద్దని నేను చెప్పను. కానీ ఒక్క విషయం గుర్తుంచుకోండి. శత్రువు దూరాన ఉండగానే కంటపడాలని ఆ బురుజును చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైన చోట కట్టారు. పిడుగు పడటానికీ అలాంటి చోటే ఎక్కువ అనువు.

2021 జూలై 11న జైపూర్ దగ్గర ఆమేర్ కోట ప్రాంతంలోని కావలి బురుజు మీద పిడుగు పడి కనీసం 11 మంది చనిపోయారు. వానలో సెల్ఫీలు తీసుకోవడానికి పైకెక్కినవాళ్లు వాళ్లలో చాలామంది. ఆ వార్త చదివినప్పటి నుంచి మబ్బు పట్టిన రోజు ఎవరైనా బురుజు ఎక్కుతామంటే నాకు టెన్షన్‌గానే ఉంటుంది. రాతి కట్టడం కాపాడుతుందన్న నమ్మకం వద్దు. 14వ శతాబ్దంలో కుతుబ్ మినార్ పై అంతస్తు పిడుగుపాటుకే దెబ్బతింటే ఫిరోజ్ షా తుగ్లక్ మళ్లీ కట్టించాడు. వెనిస్‌లోని సెయింట్ మార్క్ గంట గోపురం ఎన్నోసార్లు పిడుగు దెబ్బలు తిన్నాక, 1776లో దానికి పిడుగును భూమిలోకి దించే కడ్డీ అమర్చారు.

అమెరికా అడవుల్లో మంటలు కనిపెట్టడానికి శిఖరాల మీద చిన్న కావలి గదులు కట్టారు. ఉరుములప్పుడు అక్కడి కాపలాదారులు కాళ్లకు గాజు బిళ్లలు బిగించిన స్టూలు మీద ఉండేవారు. పిడుగు పడితే భూమిలోకి పోయేలా గది చుట్టూ రాగి తీగలు దించి ఉండేవి. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లు గాలివానలోనూ పైనే ఉండి మంటలు ఎక్కడ లేస్తున్నాయో చూడాలి కాబట్టి అంత ఏర్పాటు చేశారు. మనకు అక్కడ ఉండాల్సిన పని లేదు, దిగిపోవచ్చు.

ఎప్పుడు దిగాలో ఎక్కకముందే అనుకోండి. కొండల్లో ఉరుముల మబ్బులు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పేరుకుంటాయి కాబట్టి తెల్లారి ఎక్కి, ఎండ ముదరకముందే కిందికి చేరడం మంచిది. ముందురోజు రాత్రి చూసిన వాతావరణ సూచన సరిపోదు, బయలుదేరే ముందు మళ్లీ చూడండి. దారిలో మెరుపు కనిపిస్తే ఉరుము వినిపించేదాకా అంకెలు లెక్కపెట్టండి. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. 30 లెక్కపెట్టేలోపు ఉరిమిందంటే పిడుగు మీకు 10 కిలోమీటర్ల లోపే ఉంది. ఇంకో ఫొటో అని ఆగకుండా వెంటనే దిగడం మొదలుపెట్టాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా మళ్లీ ఎక్కకూడదు. మీ తల మీద వాన లేకపోయినా పిడుగు పడవచ్చు.

తడవకుండా ఉంటాం కదా అని బురుజు కమాను కింద నిలబడటం చాలామంది చేసే పొరపాటు. తలుపులూ కిటికీలూ లేని రాతి మండపం, ఒంటరి చెట్టు, రేకుల షెడ్డు ఇవేవీ రక్షణ కావు. కరెంటు వైరింగు, నీటి పైపులు ఉన్న మూసిన భవనం గానీ, అద్దాలు ఎత్తిన కారు గానీ కావాలి. దిగేటప్పుడు ఇనుప రెయిలింగుకూ గొలుసులకూ దూరంగా ఉండండి. గుంపుగా అతుక్కుని నడవకుండా ఒకరికొకరు ఎడంగా రండి. అప్పుడు ఒకరికి దెబ్బ తగిలినా మిగతావాళ్లు సాయం చేయగలుగుతారు.

ఇక మెట్లు. లోపలి మెలి మెట్ల గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 1981 డిసెంబరు 4న కుతుబ్ మినార్ లోపల కరెంటు పోయి, చీకట్లో తొక్కిసలాట జరిగి 45 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బడి పిల్లలు. ఆ తర్వాత సందర్శకులను లోపలికి ఎక్కనివ్వడం ఆపేశారు. కాబట్టి రద్దీగా ఉంటే కిందే ఆగండి, పైనుంచి వచ్చేవాళ్లు పూర్తిగా దిగాకే ఎక్కండి. తలకు కట్టుకునే లైటు ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఫోన్ టార్చ్ పట్టుకుంటే ఒక చెయ్యి పోయినట్టే. మెలి మెట్లు గోడవైపు వెడల్పుగా ఉంటాయి, పాదం అక్కడే పూర్తిగా ఆనించి దిగాలి. వానాకాలంలో అరిగిన రాయి మీద పాచి పడుతుంది. అడుగు అరిగిన చెప్పులతో అసలు ఎక్కొద్దు.

పైకి చేరాక పిట్టగోడను నమ్మొద్దు. పాత సున్నం నానితే రాళ్లు వదులవుతాయి. ఆనుకోవడం, కూర్చోవడం, పిల్లలను ఎత్తి దానిమీద నిలబెట్టడం వద్దు. కింద లేని ఈదురుగాలి పైన ఉంటుంది.

బురుజుల చూరుల్లో తేనెపట్లు ఉంటే గట్టిగా అరవకండి, పొగ పెట్టకండి, రాయి విసరకండి. ఈగలు లేస్తే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని దూరంగా వెళ్లిపోండి.

పిడుగు తగిలి ఎవరైనా పడిపోతే ముట్టుకోవడానికి భయపడకండి. వాళ్ల ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు. ఒకరు ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేస్తుండగానే ఇంకొకరు శ్వాస ఉందో లేదో చూడండి. లేకపోతే రెండు అరచేతులూ ఛాతీ మధ్యలో ఆనించి నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. సాయం అందేదాకా ఆపకండి.