చెక్క రెక్కలు, 4వ పాఠం: మెలి తీసి పెట్టె మూసేది

మనం కడుతున్న మోడల్ విమానానికి ఈసారి ఎలరాన్లు (రెక్క వెనకంచున పైకీ కిందికీ కదిలే పలకలు) మొదలుపెడదామనుకున్నా కానీ మీరు పంపిన ఫొటోలు చూసినాక ఇంగ అది కుదరదు. చానామంది రెక్కలు మెలి తిరిగినాయి. రిబ్బులు (రెక్కకి ఆకారమిచ్చే అడ్డ పలకలు) బాగా కోసినారు, స్పార్లు (రెక్క పొడుగునా పైనొకటి కిందొకటి పోయే కర్రలు) బాగా అతికినారు, గమ్ ఆరంగానే గుండుసూదులు పీకి రెక్కని గోడకు ఆనించి పెట్టినారు, అక్కడే చెడింది. ఉత్త రిబ్బులూ రెండు స్పార్లూ ఉన్న రెక్కకి మెలిని ఆపే బలం ఉండదు. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి, ఆరేటప్పుడు బాల్సాని, అంటే మనం వాడే మెత్తని తేలిక చెక్కని, లాగుతుంది, అనంతపురం ఎండకి రేకుల రూములో ఒక పక్క ముందు ఆరి ఇంకో పక్క తర్వాత ఆరితే ఇంకా లాగుతుంది.

పారేయొద్దండి, సరిచేయొచ్చు. చెక్క మీద నీళ్లు సన్నగా స్ప్రే చేయండి, నానబెట్టొద్దు, తెల్ల గమ్ మెత్తబడి అతుకులు ఊడతాయి. మల్ల బోర్డు మీద ప్లాన్‌కి సరిగ్గా పెట్టి సూదులు గుచ్చి రాత్రంతా వదిలేయండి. బోర్డుకి నేను వాడేది నున్నగా పాలిష్ పట్టిన కడప బండ, దాని మీద సాఫ్ట్‌బోర్డు. ప్లైవుడ్ బల్లలు వానాకాలంలో వంగుతాయి, నాకు వాటి మీద నమ్మకం లేదు.

మనది 1/6 స్కేల్ టైగర్ మాత్, ఒకదాని మీద ఒకటి రెండు వరసల రెక్కలున్న విమానం. 1931లో మొదటిసారి ఎగిరిన అసలు విమానం రెక్కల పొడవు 8.94 మీటర్లు, మనకి దాదాపు 1.49 మీటర్లు వస్తుంది. దాని రెక్క చానా పల్చన, అసలుదాంట్లో రెక్కల మధ్య తీగలు బిగించి నిలబెట్టినారు. మన మోడల్లో తీగలు చూపుకే, కాబట్టి "తర్వాత తీగ బిగించి మెలి తీస్తా" అనుకోవద్దు. పై రెక్కా కింది రెక్కా స్ట్రట్లతో (మధ్యలో నిలబెట్టే కర్రలు) కట్టేసి ఉంటాయి కదా, ఒకదాని మెలి రెండోదానికీ పోతుంది. మన రెక్క వెడల్పు 220 మిల్లీమీటర్లు, టిప్ (రెక్క కొస) దగ్గర వెనకంచు 4 మిల్లీమీటర్లు లేచిందంటే దాదాపు 1 డిగ్రీ తేడా, ఎడమా కుడీ ఆ తేడా ఉంటే విమానం ఒక పక్కకే వాలుతా పోతుంది.

పై రెక్కలతోనే మొదలుపెట్టండి, టైగర్ మాత్‌కి ఎలరాన్లు కింది రెక్కలకే ఉంటాయి, పైవాటికి కోత పని లేదు. ముందంచు నుంచి స్పార్ దాకా పైనా కిందా 1.5 మిల్లీమీటర్ల షీట్ అతికిస్తాం, స్పార్ల వెనకాల నిలువుగా వెబ్బులు (పై స్పార్‌నీ కింది స్పార్‌నీ కలిపే పల్చని చెక్క ముక్కలు) వేస్తాం. మూత అతికించిన చెప్పుల డబ్బాని మెలిపెట్టి చూడండి, తిరగదు, ఇదీ అంతే. రెక్క బోర్డు మీద ఉండంగానే మూయాల. కింది షీట్ ముందే పరిచి దాని మీద కట్టుకుంటే సులభం, ఇప్పటికే కట్టేసినోళ్లు పై షీటూ వెబ్బులూ వేసి, ఆరినాక తిప్పి, టిప్ కింద సమంగా ఆనించి కింది షీట్ వేయండి.

ఇప్పుడు వెబ్బుల సంగతి. ఎన్నిసార్లు చెప్పినా ఇది తప్పుతానే ఉన్నారు. వెబ్ గ్రెయిన్ (చెక్క నార పోయే దిక్కు) నిలువుగా ఉండాల, స్పార్ నుంచి స్పార్‌కి. షీట్ లోంచి పొడుగు పట్టీ కోసి స్పార్ వెంబడి అట్లే అతికించేస్తున్నారు, అప్పుడు గ్రెయిన్ అడ్డంగా పడుతుంది. విమానం ఎగిరేటప్పుడు రెక్క పైకి వంగుతుంది, పై స్పార్ నొక్కుకుంటుంది, కింది స్పార్ సాగుతుంది, రెండూ దగ్గరికి రాకుండా, ఒకదాని మీద ఒకటి జారకుండా పట్టుకునేది వెబ్బే. బాల్సా ముక్కని గ్రెయిన్ పొడుగునా నొక్కండి, గెట్టిగా నిలుస్తుంది. అడ్డంగా నొక్కండి, గోరుతోనే నలుగుతుంది, గ్రెయిన్ వెంబడి చీలుతుంది కూడా. అడ్డం గ్రెయిన్ వెబ్ పెడితే బరువు పెరుగుతుంది, బలం రాదు. రిబ్బుకి ముందంచు నుంచి వెనకంచుకి, షీట్‌కి స్పార్ పొడుగునా, వెబ్‌కి మాత్రం నిలువు.

నా పద్ధతి చెప్తా. 100 మిల్లీమీటర్ల వెడల్పు షీట్‌ని గ్రెయిన్‌కి అడ్డంగా, స్పార్ల మొత్తం ఎత్తుకి సరిపోయే పట్టీలుగా కోస్తా, ఆ పట్టీని రిబ్బుల మధ్య సందు కొలతకి తుంచుతా. గ్రెయిన్ దానంతటదే నిలువుగా వస్తుంది. రిబ్బుల మధ్య 47.5 మిల్లీమీటర్లు కాబట్టి పట్టీకి రెండు వెబ్బులు. ఒక్కోటి సందులో పెట్టి చూసి ఉప్పుకాగితంతో సవరించండి, బిగువుగా తోస్తే రిబ్బులు విడిపోతాయి.

అభ్యాసం: మిగిలిన ముక్కలతో మూడేసి సందుల చిన్న రెక్కలు మూడు కట్టండి, షీట్ అన్నిటికీ ఒకటే. ఒకదానికి వెబ్ వద్దు, ఒకదానికి అడ్డం గ్రెయిన్, ఒకదానికి నిలువు గ్రెయిన్. ముందు చేత్తో మెలిపెట్టండి, తర్వాత రెండు చివర్లూ ఇటుకల మీద పెట్టి మధ్యలో ఇసుక సంచి పెంచుకుంటా విరిగేదాకా మోపండి, ఏది ఎంతకి ఎట్ల విరిగిందో రాసుకోండి. తర్వాతే అసలు రెక్కల్ని ముట్టండి. మెలి చూసేదానికి రెండు అల్యూమినియం యాంగిల్స్ రెక్క రెండు చివర్లలో అడ్డంగా పెట్టి ఒక చివర నుంచి ఒంటి కన్నుతో చూడండి, రెండు అంచులూ ఒకే గీతలో కనపడాల. నాలుగు రెక్కల ఫొటోలూ అట్ల తీసి పంపండి, అవి చూసినాకే ఎలరాన్ల పాఠం రాస్తా.