ఉగాండాలో హెచ్ఐవీ అవగాహన పనికి వెళ్లే ముందు

☐ ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనే వేయించుకోండి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో క్వారంటైన్‌కు పంపుతారు. మలేరియా మాత్రలు డాక్టర్‌ని అడిగి తీసుకోండి.

☐ టూరిస్ట్ వీసా మీద వాలంటీర్ పని చేయొద్దు. ఏ అనుమతి కావాలో పిలిచిన సంస్థను రాతపూర్వకంగా అడగండి.

☐ అన్నిటికంటే ముఖ్యం చట్టం. 2023లో వచ్చిన స్వలింగ సంపర్క వ్యతిరేక చట్టంలో 'ప్రోత్సహించడం' కూడా నేరమే, 20 ఏళ్ల దాకా జైలు. కరపత్రం, ఫేస్‌బుక్ పోస్టు, సభలో మాట, అన్నీ స్థానిక సంస్థకు చూపించాకే. మీరు విమానం ఎక్కి వచ్చేస్తారు, ఇబ్బంది పడేది అక్కడివాళ్లు.

☐ పాఠాలు చెప్పడానికి వెళ్తున్నామనుకోకండి. టాసో అనే సంస్థ 1987 నుంచే అక్కడ ఈ పని చేస్తోంది, వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. కంపాలా చుట్టుపక్కల లుగాండా, ఉత్తరాన అచోలి మాట్లాడతారు కాబట్టి దుబాసీని ముందే మాట్లాడుకోండి.

☐ మీ సమాచారం పాతదేమో చూసుకోండి. మందులు సక్రమంగా వాడి, వైరస్ పరీక్షలో కనిపించనంత తగ్గిన వ్యక్తి నుంచి లైంగికంగా హెచ్ఐవీ సోకదు. భయపెట్టే పుర్రె బొమ్మల పోస్టర్లు దయచేసి వద్దు.

☐ ఫొటోలు: క్లినిక్ దగ్గర అసలు తీయొద్దు.

☐ శిక్షణ లేకుండా రక్తపరీక్షలకు చేయి పెట్టొద్దు. సూది గుచ్చుకుంటే వెంటనే, ఆలస్యమైనా 72 గంటల్లోపు పెప్ మందులు (హెచ్ఐవీ సోకకుండా అడ్డుకునేవి) మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అవి దగ్గర్లో ఎక్కడ దొరుకుతాయో దిగిన రోజే కనుక్కోండి.