రిటైరయ్యాక కారు ఇన్సూరెన్స్: డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి

ముందు లైసెన్స్ తీసి తేదీ చూడండి. 55 దాటాక రెన్యువల్ చేయిస్తే ఐదేళ్లకే ఇస్తారు. గడువు దాటిన లైసెన్స్‌తో నడిపి ఎక్కడైనా తగిలిస్తే, ఎంత మంచి పాలసీ ఉన్నా క్లెయిమ్ ఆగిపోవచ్చు.

మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి. మన కారు సొట్టకు మాత్రం అది పైసా ఇవ్వదు. "బండి పెద్దగా తియ్యట్లేదు కదా" అని దాంతోనే సరిపెట్టకండి.

హైదరాబాద్‌లో నా అసలు భయం వానే. 2020 అక్టోబరు వరదల్లో సెల్లార్లలో ఉన్న కార్లు ఎన్నో మునిగాయి. నీళ్లలో ఆగిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజిన్ పట్టేస్తుంది. ఆ ఖర్చు మన కారు నష్టానికి కూడా డబ్బిచ్చే మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో సాధారణంగా రాదు. మీ పార్కింగ్ సెల్లార్‌లో ఉంటే ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ తప్పకుండా తీసుకోండి. కారు నీళ్లలో ఆగితే తాళం తిప్పకుండా టోయింగ్‌కి ఫోన్ చేయండి.

స్తంభానికి రాసుకునేది ఎప్పుడూ బంపరే. జీరో డెప్ (భాగాల అరుగుదల కింద కోత లేకుండా ఇచ్చే అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్ భాగాల ధరలో సగం మన చేతి నుంచే పోతుంది.

చిన్న గీతకు క్లెయిమ్ వద్దు. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకుంటే నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతానికి చేరుతుంది. పాలసీ గడువు ముగిశాక రెన్యువల్ చేయకుండా 90 రోజులు దాటితే అదంతా పోతుంది.

ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ (పాలసీలో రాసే కారు విలువ) తగ్గించుకోకండి. కారు పోతే చేతికొచ్చేది అంతే.