మన ఇంటి షట్టర్, మూడో పాఠం: స్ప్రింగ్ గుర్తుపట్టడం, మార్చడం

పోయిన పాఠంలో గైడ్ ఛానళ్లు, అంటే షట్టర్ అంచులు జారే పక్క గాడులు శుభ్రం చేసుకున్నాం. అది చేశాక కూడా షట్టర్ బరువుగానే లేస్తుంటే తప్పు ఛానల్‌ది కాదు, పైన రేకు డబ్బాలో కనపడకుండా ఉన్న స్ప్రింగ్‌ది. ఇప్పుడు దాని సంగతి చూద్దాం. ముందే ఒక మాట. 8 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు దాకా ఉండే, చేత్తో ఎత్తి దించే మామూలు షట్టర్ గురించే చెప్తున్నాను. ముందర మల్గీలు (దుకాణం గదులు), వెనక ఇల్లు కట్టుకున్నవాళ్లకు, కారు పెట్టుకునే చోట షట్టర్ వేయించుకున్నవాళ్లకు ఇదే ఉంటుంది. చైనుతో తిప్పే గేరు షట్టర్, మోటారు షట్టర్ జోలికి మాత్రం పోవద్దు.

ఎనిమిదికి ఎనిమిది అంటే దాదాపు 6 చదరపు మీటర్లు. 1.2 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకు తొమ్మిదిన్నర కిలోల దాకా తూగుతుంది. పట్టీలు ఒకదాంట్లో ఒకటి ఇరికే మడతలు, అడుగున బిగించిన యాంగిలర్ (L ఆకారపు ఇనుప పట్టీ) కూడా కలిపితే షట్టర్ బరువు 70 కిలోలు దాటుతుంది. అంత బరువును పదో తరగతి పిల్ల కూడా సులువుగా లేపుతుందంటే, అందులో ఎక్కువ భాగం మోసేది స్ప్రింగే. షట్టర్ కిందికి గుంజినకొద్దీ స్ప్రింగ్ బిగుసుకుంటుంది, పైకి పోయినకొద్దీ వదులవుతుంది. అంటే షట్టర్ మూసి ఉన్నప్పుడు దాని బలం నిండుగా ఉంటుంది. పూర్తిగా ఎత్తినప్పుడు బాగా తగ్గుతుంది కానీ సున్నా కాదు. బోల్టు మీద పానా పెట్టే ముందు ప్రతిసారీ "ఇప్పుడు బలం ఎక్కడుంది?" అని ఆలోచించుకోండి.

లక్షణాలు చూద్దాం. పైన డబ్బాలో అడ్డంగా ఒక పైపు, దాని రెండు చివర్లలో ఒక్కో స్ప్రింగ్ ఉంటాయని గుర్తుంచుకోండి. షట్టర్ ఒక పక్క లేచి ఇంకో పక్క కుంగితే, కుంగిన వైపు స్ప్రింగ్ తెగినట్టు అనుమానించాలి. నడుము ఎత్తులో వదిలితే మెల్లగా కిందికి జారితే టెన్షన్, అంటే స్ప్రింగ్ బిగువు తగ్గిందని అర్థం. చెయ్యి తీయగానే దబ్బున పైకి పోతే టెన్షన్ ఎక్కువైంది. రాత్రిపూట ఎవరూ ముట్టుకోకుండానే ఢామ్మని చప్పుడై, పొద్దున షట్టర్ లేవకపోతే ఇక అనుమానమే అక్కర్లేదు. ఒక్కోసారి స్ప్రింగ్ నిక్షేపంగా ఉండి, దాన్ని పైపుకు పట్టి ఉంచే బోల్టు తెగుతుంది. అప్పుడూ ఇవే లక్షణాలు. కాబట్టి పైన చూడకుండా కొత్త స్ప్రింగ్ కొనుక్కురావద్దు.

షట్టర్ వంకరగా ఇరుక్కుని కిందనే ఆగిపోతే ఈ పాఠం అక్కడితో ఆపేసి మేస్త్రీని పిలవండి. తెగకుండా మిగిలిన స్ప్రింగ్‌లో బలమంతా అలాగే ఉంటుంది.

లేస్తే మాత్రం ఇద్దరు ముగ్గురు రెండు వైపులా సమానంగా పట్టి పూర్తిగా ఎత్తండి. అడుగు యాంగిలర్ కింద రెండు పక్కలా జాకీలు నిలబెట్టండి. స్లాబ్ సెంట్రింగ్‌కు వాడే ఇనుప జాకీలే, కిరాయికి దొరుకుతాయి. నున్నటి షాబాద్ బండల మీద జాకీ కాలు జారుతుంది, కింద చెక్క ముక్క వేయండి. తర్వాత పైన చుట్టుకున్న షట్టర్‌ను, పైపును కలిపి మోకుతో మూడు చోట్ల కట్టండి. ఇప్పుడు డబ్బా రేకు విప్పి, టార్చి వేసి చూడొచ్చు. దేన్నీ కదిలించక ముందే రెండు వైపులా ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి.

లోపల రెండు రకాల్లో ఏదో ఒకటి ఉంటుంది. మొదటిది వైరు స్ప్రింగ్, పైపు చుట్టూ చుట్లు చుట్లుగా కనిపిస్తుంది. ప్రభుత్వ కట్టడాల స్పెసిఫికేషన్లలో దీని పొడవు 27.5 సెంటీమీటర్లని రాస్తారు. రెండోది పట్టీ స్ప్రింగ్, గుండ్రటి ఇనుప డబ్బాలో వెడల్పాటి పట్టీ చుట్టి ఉంటుంది. ఈ రెండో డబ్బాను మూత తీసి చూడాలన్న సరదా ఎవరికీ వద్దు. బయటికొచ్చే పట్టీ అంచు కత్తే. కొనేటప్పుడు కూడా డబ్బాతో సహా కొనండి, పట్టీ ఒక్కటే కొని ఇంట్లో ఎక్కించే ప్రయత్నం చేయొద్దు.

వైరు స్ప్రింగ్ కొలతే అసలు పాఠం. వైరు మందం స్కేలుతో ఒక్క చుట్టు మీద కొలిస్తే తప్పు వస్తుంది. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న పది చుట్లు ఎంచుకొని మొత్తం కొలవండి, పదితో భాగించండి. 55 మిల్లీమీటర్లు వస్తే వైరు 5.5. తెగిన చోట సందు పడుతుంది, దాన్ని కలుపుకోవద్దు. ఈ మందంలో చిన్న తేడా కూడా బలంలో పెద్ద తేడా తెస్తుంది, అందుకే "దగ్గర దగ్గర అదే" అని షాపువాడు ఇచ్చేది తీసుకోవద్దు. లోపలి వెడల్పు, మొత్తం పొడవు కూడా రాసుకోండి. ఇక చుట్టు దిక్కు. స్ప్రింగ్‌ను నిలువుగా ఊహించుకోండి. ముందువైపు చుట్లు కుడికి ఎగబాకుతుంటే కుడి చుట్టు, ఎడమకైతే ఎడమ చుట్టు. రెండు చివర్లలో దిక్కులు వేరుగా ఉండొచ్చు, ఏది ఏ వైపుదో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఒకటి తెగినా రెండూ మార్చండి. రెండూ ఒక్క రోజు బిగించినవే, రెండోది కూడా దాని వెనకే పోతుంది. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఆ కొలత దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడగండి, పాతది చేతిలో పెట్టుకుని పోతే ఇంకా మంచిది. (మల్గి కిరాయికిచ్చి ఉంటే ఈ ఖర్చు ఓనరుదా, కిరాయిదారుదా అన్నది షాపుకు పోకముందే తేల్చుకోండి.)

ఇక బలం దింపడం. దీనికి రెండు పైపు పానాలు, ఇద్దరు మనుషులు, స్టూలు కాకుండా గట్టి పరంజా కావాలి. పైపును గోడ బ్రాకెట్‌కు పట్టి ఉంచేది యు-క్లాంపు. దాని నట్లు వదులు చేయగానే పైపు గిర్రున తిరగాలని చూస్తుంది. కాబట్టి ముందు పానా పైపుకు పట్టించి, కాడ మీద మనిషి బరువు పెట్టాక, అప్పుడే నట్లు కొంచెం వదలాలి. పూర్తిగా ఊడదీయొద్దు. కాడ తిరిగే దారిలో ముఖం, మోచెయ్యి ఉండకూడదు. పావు చుట్టు వదలండి, ఇంకొకరు రెండో పానాతో పట్టుకోగానే మొదటి పానా తీసి కొత్త పట్టు పట్టండి. చేతికి లాగుడు తెలియడం ఆగేదాకా ఇదే వరస. ఒక పానా పట్టుకుని ఉంటే తప్ప రెండోది తీయకూడదు. ఎన్ని చుట్లు వదిలారో లెక్క రాసుకోండి. తెగిన స్ప్రింగ్ దగ్గర ఈ లెక్క కొంత తక్కువే చూపిస్తుంది, అయినా మొదలుపెట్టడానికి పనికొస్తుంది.

ఇక షట్టర్ దించడానికి నలుగురు కావాలి, మోసే స్ప్రింగ్ లేదు కదా. క్లాంపులు వదులుగానే ఉంచి, జాకీలు, మోకు తీసి, పైపు కూడా తిరిగేలా మెల్లగా దించి, పై పట్టీని కప్పీల (పైపు మీది చక్రాల) నుంచి విప్పాక పైపు కిందికి దిగుతుంది. నలుగురు దొరక్కపోతే ఈ ఒక్క ముక్క మేస్త్రీకి వదిలేయండి, నామోషీ ఏం లేదు. కొత్త స్ప్రింగులు ఎక్కించి, పైపు మళ్లీ బ్రాకెట్లలో పెట్టి, షట్టర్ బిగించి పైకి ఎత్తండి. జాకీలు, మోకు మళ్లీ యథాప్రకారం. టెన్షన్ ఇచ్చేది షట్టర్ పైన ఉన్నప్పుడే. రాసుకున్న లెక్క దాకా పావు చుట్టు పావు చుట్టుగా తిప్పి, నట్లు గట్టిగా బిగించి, ఆ తర్వాతే పానాలు తీయండి.

అమెరికాలో ఉన్న పిల్లల ఇంటి గ్యారేజ్ తలుపుకు ఈ పద్ధతి వాడొద్దు. అక్కడ స్ప్రింగ్‌తో పాటు ఇరుసు కూడా తిరుగుతుంది, పని తలుపు మూసి, క్లాంపు వేసి చేస్తారు, మన లెక్కకు పూర్తిగా ఉల్టా. 7 అడుగుల తలుపుకు ఏడున్నర చుట్ల దాకా బిగిస్తారు, అదీ స్క్రూడ్రైవర్‌తో కాదు, దానికని చేసిన ఇనుప కడ్డీలతో. మామూలు స్ప్రింగ్‌కు 10,000 సార్లు తెరిచి మూసే ఆయుష్షు చెప్తారు. రోజుకు నాలుగుసార్లయితే ఏడేళ్ల లోపే.

మన షట్టర్‌కు పరీక్ష ఇలా. జాకీలు, మోకు తీసి సగం దించి మెల్లగా చెయ్యి వదలండి, కానీ దూరం పోవద్దు. ఉన్నచోటే నిలబడితే సరి. జారితే మళ్లీ పైకెత్తి, కట్టి, సగం చుట్టు పెంచాలి. ఎగిరితే సగం చుట్టు తగ్గించాలి. మిర్యాలగూడ లాంటి రైస్ మిల్లుల ఊళ్లలో ఊక దుమ్ము స్ప్రింగ్ మీద పేరుకుంటుంది, దాన్ని బ్రష్‌తో దులిపాకే పల్చగా నూనె పూయండి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పోస్తే దుమ్ము ముద్దలు కట్టి చుట్ల మధ్య కూర్చుంటుంది. వచ్చే పాఠంలో అడుగు యాంగిలర్‌కు ఉండే తాళం పట్టీలు సరిచేసుకుందాం, అందుకు పాత తాళం కొలత, రెండు కొండీల మధ్య దూరం రాసి పెట్టుకోండి.